సిలువ: నెత్తిన పడ్డదా, ఎత్తుకొన్నదా?

సిరొంచ నుండి ఒక సభ్యురాలి ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. నేను మహారాష్ట్రలోని సిరొంచలో ఉపాధ్యాయినిని. మా ప్రాంతంలో నలభై ఏళ్ళుగా రోగులకు సేవ చేస్తున్న ఒక మలయాళీ సిస్టర్‌గారికి సన్మానం తలపెట్టారు. ఆ సందర్భంగా మరాఠీలో వేసిన కరపత్రాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. అందులోని ఒక వాక్యాన్ని నేను ‘నలభై ఏళ్ళు తన సిలువను మోసిన తల్లి’ అని రాసి మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మ వెంటనే ‘అయ్యో, ఆమెకు అంత కష్టం ఏమొచ్చింది?’ అని అడిగింది. మరాఠీ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన భావం అది కాదు. దోషం మాటలో ఉన్నదా, నా వాక్యంలో ఉన్నదా? ఇంకొక చిన్న సందేహం కూడా ఉంది. సిలువ అని రాయాలా, శిలువ అని రాయాలా? పత్రికల్లో రెండూ కనిపిస్తున్నాయి.

బల్లార్షా నుండి ఒక సభ్యుని సమాధానం:

అమ్మా, మీ అమ్మగారు అడిగిన ప్రశ్నలోనే ఈ మాట చరిత్ర సగం ఉంది. నేను ఇక్కడ తెలుగు చెప్పి విరమించినవాడిని, మా నాన్నగారు బొగ్గు గనిలో పనికి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన కథోలికుడు. అందువల్ల ఈ మాటను బడిలోనూ గుడిలోనూ ఒకే శ్రద్ధతో వింటూ వచ్చాను. కొంచెం విస్తరించి రాస్తున్నాను, ఓపికతో చదవండి.

ముందు వర్ణక్రమం సంగతి. సిలువ సంస్కృతపదం కాదు, అచ్చ తెలుగు పదమూ కాదు. పశ్చిమాసియాలోని పాత క్రైస్తవుల భాష అయిన సిరియాక్‌లోని ‘స్లీబా’ దీనికి మూలం. ఆ భాషలో అచ్చు తరువాత వచ్చే బకారం మెత్తబడి వకారంగా పలుకుతుంది కనుక కేరళ క్రైస్తవుల నోట అది ‘స్లీవా’ అయింది. మాట మొదట్లో ‘స్ల’ వంటి సంయుక్తాక్షరం మన నాలుకకు సుఖంగా ఉండదు. రత్నం రతనమైనట్లు, యత్నం జతనమైనట్లు, ఇక్కడ కూడా మధ్యలో ఒక అచ్చు చేరి ‘సిలువ’ అయింది. తమిళంలో ఇదే మాట ‘సిలువై’, కన్నడంలో ‘శిలుబె’. తమిళంలో ‘తలై’ మనకు ‘తల’ అయిన చోట ‘సిలువై’ మనకు ‘సిలువ’ కావడంలో వింత లేదు. శకారం రాసేవారు బహుశా ‘శిల’ను మనసులో పెట్టుకొని రాస్తున్నారు కానీ, రాతికీ దీనికీ సంబంధం లేదు. మూలంలో ఉన్నది సకారమే కాబట్టి సిలువ అని రాయడమే మేలని నా అభిప్రాయం.

ఈ దారిన వచ్చిన మాట ఇదొక్కటే కాదు. బిషప్‌ను మన కథోలికులు మేత్రాణులు అంటారు, ఆయన అధికార పరిధిని మేత్రాసనం అంటారు. మలయాళంలో అదే ‘మెత్రాన్’. అదీ సిరియాక్ నుండి దక్షిణ భారతానికి వచ్చినదే. పోర్చుగీసులు తమ ‘క్రుజ్’ అనే మాటతో ఓడలు దిగే నాటికే కేరళలో సిరియాక్ ప్రార్థనలు చేసే క్రైస్తవులు ఉన్నారు. కొంకణిలో ‘ఖురిస్’, మలయాళంలో ‘కురిశు’ ఆ పోర్చుగీసు మాట నుండి వచ్చాయి. మలయాళీలకు కురిశూ ఉంది, స్లీవా కూడా ఉంది. మనకు మాత్రం పాత దారిన వచ్చిన మాటే నిలిచింది.

ఇక మన చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల ప్రత్యేకత చూడండి. సిరియాక్ సంప్రదాయంలో ప్రార్థించే కేరళ కథోలిక సంఘమైన సీరో మలబారు సభ, కేరళ వెలుపల చేపట్టిన తొలి మిషన్ ఇక్కడిదే. 1962లో అప్పటి చందా కేంద్రంగా దానిని ఏర్పాటు చేసి, సి.ఎమ్.ఐ. అని మనం పిలిచే కార్మెల్ సన్యాస సభ గురువులకు, అంటే కథోలిక పూజారులకు, అప్పగించారు. ఆ సభ 1831లో కేరళలోని మాన్నానంలో మొదలైంది, దాని స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్‌ను 2014లో పునీతునిగా ప్రకటించారు. సరిగ్గా ఆ 1962లోనే సీరో మలబారు పూజాప్రార్థనలు సిరియాక్ నుండి మలయాళంలోకి మారాయి. అంటే, బాల్యమంతా సిరియాక్‌లో ‘స్లీవా’ అని విన్న గురువులు ఇక్కడి అడవి దారుల్లోకి, గని కాలనీల్లోకి వచ్చి తెలుగు కూలీల నోట ‘సిలువ’ అనే మాట విన్నారు. ఇద్దరి మాటా ఒకటే. మరాఠీ సోదరులు ‘క్రూస్’ అంటున్నారు, ‘వధస్తంభ’ అంటున్నారు. తెలుగువాళ్ళు మాత్రం ఆ గురువుల తాతల మాటనే వాళ్ళకు తిరిగి వినిపించారు. ఆ సంగతి తలుచుకొన్నప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. చందా 1977లో మేత్రాసనమైంది, 1999లో దాని నుండి ఆదిలాబాద్ విడిపోయింది.

మీ అమ్మగారి ప్రశ్నకు వస్తున్నాను. మరాఠీ బైబిలు వాడే ‘వధస్తంభ’లో వధ అనే మాట బాహాటంగా ఉంది. గ్రీకు మూలంలోని ‘స్తౌరోస్’ కూడా అంతే, నేలలో పాతిన గుంజ అని దాని అర్థం. ఆనాటి రోమను సామ్రాజ్యంలో బానిసలనూ తిరుగుబాటుదారులనూ అవమానించి చంపే సాధనం అది. మనకు దానికి దగ్గరి దేశిపదం ‘కొఱ్ఱు’, అంటే నేరస్థుణ్ణి గుచ్చి చంపే వాడి గుంజ. కొఱ్ఱున వేయడమంటే ఏమిటో పూర్వకథలు చదివినవారికి తెలుసు. తెలుగువారు కొఱ్ఱు అనే మాట తీసుకొని ఉంటే, దానిని ప్రేమతో మెడలో వేసుకోవడం ఎంత వింతైన పనో ప్రతి తరానికీ తెలిసేది. సిలువ అలా కాక, మన భాషలోకి వచ్చేటప్పటికే ప్రార్థనలో కడిగిన మాటగా వచ్చింది. దానికి మన ఊళ్ళలో ఉరికంబం అనే పూర్వజన్మ లేదు. ఇది ఒక విధంగా వరమే. అయితే ఖాళీగా వచ్చిన పాత్రలో మనకు అలవాటైన నీళ్ళే పోసుకొంటాం కదా. మనం పోసినది ‘తలరాత’ అనే అర్థం.

వినండి, మన వీధుల్లో ఈ మాటను ఎలా వాడుతున్నారో. తాగుబోతు భర్త ‘నా సిలువ’, అప్పు ‘నా సిలువ’, తగ్గని మోకాలి నొప్పి ‘నా సిలువ’. ఇతరులు ఖర్మ అనే చోట క్రైస్తవులు సిలువ అంటున్నారు, అంతే తేడా. చాలా ఏళ్ళ క్రితం మా వీధిలో భర్త చేతి దెబ్బలకు ముఖం వాచిన ఒక ఇల్లాలితో, ఊరికి వచ్చిన ఒక బోధకుడు ‘అది దేవుడు నీకిచ్చిన సిలువ, మోయి తల్లీ’ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేకపోయాను. ఆ మౌనానికి ఈనాటికీ బాధపడతాను. ఆ రోజు తప్పు బోధ చేయడానికి సాధనమైనది ఒక క్రియాపదం. అందుకే భాషాచర్చలో దీని గురించి ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

సువార్తల్లో యేసు ఈ మాట చెప్పినప్పుడు వాడిన క్రియలు మూడు. మార్కు 8:34లో గ్రీకు క్రియకు పైకెత్తడం అని అర్థం. మత్తయి 10:38లో ఉన్నది తీసుకోవడం. లూకా 14:27లో మాత్రమే మోయడం. లూకా 9:23లో మళ్ళీ ఎత్తడమే వస్తుంది, దానికి తోడు ‘ప్రతిదినము’ అనే మాట ఒక్క లూకాలోనే కనిపిస్తుంది. మన వాడుక ఈ మూడింటిలో మోయడాన్ని మాత్రమే పట్టుకొని మిగిలిన రెండింటినీ జారవిడిచింది. మోయడానికి మనిషి ఒప్పుకోలు అక్కరలేదు, గాడిద కూడా మోస్తుంది. ఎత్తుకోవడానికి వంగాలి, చేతులు చాచాలి.

తెలుగు ఇక్కడ గ్రీకుకంటే ఒక మెట్టు ఎక్కువ సాయం చేస్తుంది. ఎత్తు అనే ధాతువుకు ‘కొను’ చేరితే ఆ పని కర్త తన కోసం, తన మీదికి, తన ఇష్టంతో చేసినదవుతుంది. బరువును ఎత్తుతాం, బిడ్డను ఎత్తుకొంటాం. ‘సిలువనెత్తుకొని’ అని మన అనువాదకులు రాసినప్పుడు, తల్లి చంకనెత్తుకొనే క్రియనే ఆ గుంజకు వాడారు. కష్టానికి మనకున్న క్రియలు వేరు. అది నెత్తిన పడుతుంది, మెడకు చుట్టుకొంటుంది, గుదిబండ అవుతుంది. ఇవేవీ సిలువ పక్కన చేరదగిన క్రియలు కావు. ఆ ఇల్లాలి నెత్తిన పడ్డది దెబ్బ మాత్రమే. ఆమె పక్షాన నిలబడి, ఆమె భర్త కోపాన్నీ వీధి నిందనూ ఎవరైనా తమ మీద వేసుకొని ఉంటే సిలువ అనే మాట అక్కడ సరిపోయేది.

ప్రేషిత జీవితంలో, అంటే సేవకు పంపబడినవారి జీవితంలో, ఈ మాటకు ఉన్న అర్థం అది. సువార్త సేవకు పంపేటప్పుడు చాలా సభల్లో ఆ గురువుకో సిస్టర్‌కో ఒక సిలువను చేతికిస్తారు. కష్టాలు వస్తాయన్న హెచ్చరికగా మాత్రమే ఇచ్చేది కాదు అది, ఇక నుండి నీ చేతుల్లో ఉండే పని ఇదీ అని చెప్పి ఇచ్చేది. దామియన్ అనే బెల్జియం గురువు 1873లో హవాయి దీవుల్లోని మొలొకాయికి, కుష్ఠురోగులను వెలివేసి ఉంచిన చోటికి వెళ్ళి, వాళ్ళ పుండ్లు కడిగాడు, ఇళ్ళు కట్టాడు, శవపేటికలు చేశాడు. చివరికి తనకూ ఆ రోగం సోకి 1889లో మరణించాడు. ఆయన సిలువ ఏదని అడిగితే చాలామంది రోగాన్ని చూపిస్తారు. నా మటుకు నాకు, ఓడ దిగిన రోజున ఎత్తుకొన్నదే ఆయన సిలువ. రోగం ఆ దారిలో తరువాత ఎదురైంది. ఆయనను 2009లో పునీతునిగా ప్రకటించారు.

మదర్ తెరెసా 1950లో స్థాపించిన సభకు చెందిన ప్రతి ప్రార్థనామందిరంలోనూ సిలువ పక్కన ‘నాకు దాహమగుచున్నది’ అని అర్థమిచ్చే మాట రాసి ఉంటుంది. యోహాను 19:28లో యేసు సిలువ మీద పలికిన మాట అది. సిలువ పక్కన రాయడానికి ఎన్నో గొప్ప మాటలు ఉండగా నీళ్ళు అడిగే మాటను ఎంచుకొన్నారు. ఆ సిలువను చూసి లేచిన మనిషి వెంటనే చేయవలసిన పని గుడి బయట దాహంతో ఉన్నవారి దగ్గర ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన చంద్రపూర్ ఎండను ఎరిగినవాళ్ళకు ఆ మాట వివరించి చెప్పనక్కరలేదు.

రాజురా నుండి ఒక సభ్యుడు:

అన్నా, చాలా మంచి విషయం తెలియజేశారు. ఉర్దూలో చదువుకొన్నవాడిగా ఒక్క మాట చేరుస్తాను. ఉర్దూలో దీనిని ‘సలీబ్’ అంటాం, అది అరబీ నుండి వచ్చింది. మీరు చెప్పిన సిరియాక్ మాటా ఈ అరబీ మాటా ఒకే ధాతువుకు పుట్టినవి. అంటే మా ఊరి సంతలో తెలుగువాడు సిలువ అన్నా, ముసల్మాను సలీబ్ అన్నా అక్కచెల్లెళ్ళ వంటి రెండు మాటలను పలుకుతున్నట్లే.

బల్లార్షా సభ్యుడు:

నిజమే తమ్ముడూ. ఒకే సంతలో సలీబ్, సిలువ, క్రూస్, వధస్తంభ అనే నాలుగు మాటలూ వినిపించే ఊళ్ళు ఎక్కువ ఉండవు. మీ మాట చదివాక ఇంకొకటి గుర్తొచ్చింది. కేరళలో ‘మార్ స్లీవా’ అని పిలిచే పాత రాతి సిలువల మీద యేసు దేహం ఉండదు. కింద పద్మం విచ్చుకొని ఉంటుంది, పైన పావురం వాలుతూ ఉంటుంది. మన తెలుగు కథోలికుల ఇళ్ళలో గోడకు ఉండేది మేకులు దిగిన దేహంతో ఉన్న సిలువ. ఒకటి పునరుత్థానాన్ని ముందుగా చెబుతుంది, ఒకటి వేదనను దాచకుండా చూపుతుంది. మా బల్లార్షాలో రెండు రకాలూ చూశాను. పద్మం మీది సిలువను మొదటిసారి చూసిన మా నాయనమ్మ ‘దేవుడు ఏడీ?’ అని అడిగితే, ఒక గురువుగారు వచ్చీరాని తెలుగులో ‘లేచి వెళ్ళినాడు అవ్వా’ అన్నారట. ఆ జవాబును ఆమె చనిపోయేదాకా చెప్పుకొంది.

గుంటూరు ప్రాంతం నుండి వచ్చి బల్లార్షాలో ఉపదేశిగా, అంటే క్రైస్తవ మతబోధకునిగా, పనిచేస్తున్న ఒక సభ్యుడు:

మాస్టారూ, మీ మాటలు శ్రద్ధగా చదివాను. ఎత్తుకోవడానికి ఇష్టం ఉండాలని మీరు గట్టిగా చెప్పారు. అయితే కురేనియుడైన సీమోను సంగతి ఏమిటి? ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలపు శుక్రవారాల్లో, యేసు సిలువ యాత్రను తలుచుకొంటూ మేము చేయించే సిలువ మార్గం ప్రార్థనలో పద్నాలుగు స్థలాలు ఉంటాయి. అయిదో స్థలం అతనిదే. పొలం నుండి వస్తున్నవాడిని సైనికులు పట్టుకొని బలవంతంగా సిలువ మోయించారు. అతడు కోరుకోలేదు, చేతులు చాచలేదు. మార్కు 15:21లో అతని గురించి వాడిన గ్రీకు క్రియ కూడా మీరు చెప్పిన ఆ ఎత్తడమేనని మాకు శిక్షణలో చెప్పారు. అలాంటప్పుడు మీ విభజన నిలుస్తుందా?

బల్లార్షా సభ్యుడు:

ఉపదేశిగారూ, మీ ఆక్షేపణ సరైనది. మార్కులో రెండు చోట్లా ఒకే క్రియ ఉన్న మాట నిజం. నేను ఇష్టం అనే ఒక్క మాట మీద ఎక్కువ బరువు పెట్టాను. రెండు రోజులు ఆలోచించి ఈ జవాబు రాస్తున్నాను.

సీమోనును ‘బలవంతం చేశారు’ అని మనం చదివే చోట గ్రీకులో ఒక ప్రత్యేకమైన క్రియ ఉంది. ప్రభుత్వపు మనిషి దారినపోయేవాడిని ఆపి, కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం దాని అర్థం. మనకు దానికి అచ్చంగా సరిపోయే మాట వెట్టి. గోదావరికి అటూ ఇటూ ఉన్న మన ఊళ్ళలో ఆ మాటను అనుభవించిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కాబట్టి సీమోను మోసింది వెట్టి బరువే. అయినా అది అతని సొంత బరువు కాదు, వేరొకరిది. ‘ఇది నా సిలువ’ అని సీమోను అనలేడు. ఇంతకుముందు నేను ఎత్తినది ఎవరన్న ప్రశ్న అడిగాను. మీ మాట వల్ల ఎవరిది ఎత్తారన్న ప్రశ్న కూడా అడగాలని తెలిసింది.

ఆ వెట్టి క్రియే మత్తయి 5:41లో మళ్ళీ వస్తుంది. ఒకడు నిన్ను ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే అతనితో రెండు మైళ్ళు వెళ్ళమని యేసు చెప్పిన చోట అది. మొదటి మైలు వెట్టి, రెండో మైలు మనిషి సొంతం. గురువులూ సిస్టర్‌లూ చేసే మూడు వ్రతాల్లో విధేయత ఒకటి. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి. ప్రేషితులు అనే మాటకే పంపబడినవారు అని అర్థం కదా. సిరొంచను ఆ సిస్టర్‌గారు మ్యాపులో వెతికి ఎంచుకొని ఉండరు, పైవారు పంపి ఉంటారు. మొదటి మైలు పంపినవారిది. నలభయ్యో ఏడు వరకు నిలవడం ఎవరూ ఆజ్ఞాపించి చేయించగలిగేది కాదు. మీరు చూపిన సీమోను ఉదాహరణ లేకపోతే ఈ తేడా నాకు తట్టేది కాదు.

ఒక అనుభవం చెప్పి నా వాక్యం ప్రతిపాదిస్తాను. గడ్చిరోలి వైపు ఒక పల్లెలో సిస్టర్‌లు నడిపే చిన్న వైద్యశాలకు మా బంధువును తీసుకొని వెళ్ళాను. కరెంటు లేదు. ఒక సిస్టర్‌గారు లాంతరు పట్టుకొని కాన్పు అయిన ఒక గోండు యువతి పక్కన తెల్లవార్లూ కూర్చున్నారు. పొద్దున నేను మర్యాద కోసం ‘ఇంత దూరం వచ్చి మీరు పెద్ద సిలువ మోస్తున్నారు సిస్టర్’ అన్నాను. ఆవిడ నొచ్చుకొన్నట్లు చూసి, ‘సిలువ ఆ పిల్లది. ఏడు కోసులు ఎడ్లబండిలో నొప్పులతో వచ్చింది. నేను ఒక చెయ్యి వేసినాను, అంతే’ అన్నారు. గని ముందు, సంత ముందు, బరువు దగ్గర ఒంటరిగా నిలబడ్డ కూలీ దారినపోయేవారిని పిలిచే పిలుపు అది. ‘అన్నా, ఒక చెయ్యి వెయ్యి.’ ఆవిడ మలయాళం ఇంట్లో పుట్టి ఆ మాటను మన కూలీల దగ్గర నేర్చుకొన్నారు. అయిదో స్థలానికి ఇంతకంటే మంచి తెలుగు నాకు ఎక్కడా దొరకలేదు.

కాబట్టి సిరొంచ చెల్లెమ్మా, ‘తన సిలువను మోసిన’ అన్నది వ్యాకరణరీత్యా తప్పు కాదు, కానీ మన వాడుకలో అది జాలి పుట్టిస్తుంది. ‘నలభై ఏళ్ళుగా ప్రతిదినమూ సిలువనెత్తుకొని మన మధ్య నడుస్తున్న తల్లి’ అని రాస్తే మీ అమ్మగారు ఆ ప్రశ్న అడగరనుకొంటాను.

సిరొంచ సభ్యురాలు:

సార్, మీరిచ్చిన వాక్యాన్ని అమ్మకు చదివాను. ఈసారి ‘ఎక్కడి నుండి వచ్చింది ఆ తల్లి?’ అని అడిగింది. తరువాత అచ్చుకు పంపే ముందు సిస్టర్‌గారికే చూపించాను. ఆమె తెలుగు చదవగలరు. వాక్యాన్ని రెండుసార్లు చదివి, ‘సిలువనెత్తుకొని’ అన్నచోట వేలు పెట్టి, అది తనకు చాలా పెద్ద మాట అన్నారు. తీసివేయమంటారేమోనని భయపడ్డాను. ఉపదేశిగారి ప్రశ్నా, దానికి మీ జవాబూ ఫోనులో చూపించాను. చదివి కాసేపు కిటికీలోంచి ప్రాణహిత వైపు చూస్తూ కూర్చొని, నా పెన్ను తీసుకొని తానే మార్చారు. ఇప్పుడు వాక్యం ఇలా ఉంది: ‘నలభై ఏళ్ళుగా మన ఊళ్ళవాళ్ళ సిలువలకు ఒక చెయ్యి వేసిన తల్లి.’ ఆమె శకారంతో రాశారు. ఆ ఒక్కటి మాత్రం ఆమె అనుమతితో సకారంగా దిద్ది అచ్చుకు పంపాను.